బాత్రూంలో జారిపడ్డోళ్లు

అండాలమ్మ మాట మొదలుపెడితే ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ మూడుసార్లు మారినా ఆగదని ఆమె భర్త అంతయ్య అంటాడు. అంతయ్యకు ట్రాలీ ఆటో ఉంది. పొద్దున్నే బాటసింగారం మార్కెట్‌కు పోయి బత్తాయిలో మామిడికాయలో ఎక్కించుకొచ్చి దుకాణాలకు దింపుతాడు. మనిషి నెమ్మది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు ఆటోతోనే. ఇద్దరికీ కలిపి సరిపోయేటన్ని మాటలు ఆమె దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ సంసారం ముప్పై ఏళ్లుగా ఇబ్బంది లేకుండా నడుస్తోంది.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి తుర్కయంజాల్‌లో స్థిరపడిన మనుషులు వాళ్లు. ఎల్బీనగర్ పక్కనున్న ఒక సర్కారు దవాఖానలో అండాలమ్మది ఇరవై ఆరేళ్ల నౌకరి. పేరుకు నర్సింగ్ ఆర్డర్లీ. చేసేది డ్రెస్సింగ్ రూంలో కట్లు కట్టడం, విప్పడం. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చే బస్సెక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకొని, కండక్టరమ్మతో రెండు ముచ్చట్లు పెట్టి, ఎనిమిదికల్లా డ్యూటీలో ఉంటుంది.

ఆమె చేతిలో ఒక మహిమ ఉందని దవాఖాన అంతా అనుకుంటారు. గాయానికి అతుక్కుపోయిన పట్టీని నొప్పి తెలియకుండా ఊడదీస్తుంది. మహిమ ఏమీ లేదు. "మీదే ఊరు బిడ్డా? గా ఊర్ల మా చిన్నత్త ఉంటది, ఎరుకనా?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు ఆ చిన్నత్త ఎవరా అని ఆలోచించేలోపు పట్టీ ఆమె చేతిలో ఉంటుంది. ఈ లెక్కన అండాలమ్మకు తెలంగాణలో ప్రతి ఊళ్లోనూ ఒక చిన్నత్త ఉంది.

గాయాన్ని చూస్తే అది ఎట్లా తగిలిందో చెప్పగలదు. బండి మీంచి పడ్డది వేరు, కత్తిపీట కోసింది వేరు, పిడికిలి పడ్డది వేరు. అయితే చూసింది చెప్పడం ఆమె పని కాదు. ఓపీ చీటీ మీద ఏది రాసి ఉంటే అదే నిజం. ఆడవాళ్ల చీటీల మీద ఎక్కువసార్లు రాసి ఉండేది ఒకటే: బాత్రూంలో జారిపడ్డది.

"గీ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ల బాత్రూంలు కట్టిన మేస్త్రీలందర్నీ లోపలెయ్యాలె. ఒక్క మొగోడు జారడు, అందరు ఆడోళ్లే జారుతరు," అని ఆమె అంటే నర్సులు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఆ తర్వాత కట్టు ముడేస్తూ, తన వైపు నుంచి ఒక సలహా కూడా కలిపేది. "జర సర్దుకపో బిడ్డా. పిల్లల మొకం చూసి సర్దుకపో." ఇది తనకు తోచిన మంచి మాట. వాళ్లమ్మ ఆమెకు చెప్పింది, ఆమె అందరికీ చెప్పేది. అంతయ్య వంటి మనిషితో ఆమెకు సర్దుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు గనుక ఆ మాట ఎంత బరువుంటుందో ఆమెకు తెలియదు.

గీత అనే అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. వెంట భర్త మధు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. భార్య చెప్పులు తన చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. "చూడున్రి, ఎంత బాగ చూస్కుంటుండో," అని నర్సులు అనుకున్నారు. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఎడమ చెవిలో గుయ్యిమంటోందట, మాట సరిగా వినబడటం లేదట. కర్ణభేరికి చిల్లు పడిందని డాక్టరు రాశాడు. ఎందుకు పడిందన్న చోట మళ్లీ బాత్రూమే. రెండుసార్లూ అండాలమ్మ తన సలహా తాను ఇచ్చింది.

మూడోసారి సోమవారం పొద్దున వచ్చింది. ఎడమ ముంజేతిని కుడిచేత్తో పట్టుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది.

"జారింది మేడం. బాత్రూంల చెప్పులేసుకోమంటే వినదు," అన్నాడు మధు. ఇంతలో ఫోను మోగితే గుమ్మం దాకా వెళ్లాడు.

అండాలమ్మ దూది తీస్తూ అలవాటు కొద్దీ అనేసింది. "ఏం జేస్తం బిడ్డా, జర సర్దుకపోవాలె."

గీత తలెత్తి చూసింది. గొంతు పెంచలేదు.

"సర్దుకపోయిన గదమ్మా. నువ్వు రెండుసార్లు చెప్పినవ్. రెండుసార్లు సర్దుకపోయిన. ఇంగ యాడికి సర్దుకపోవాలె?"

అండాలమ్మ చేతిలో దూది అట్లాగే ఉండిపోయింది. గీత అడిగింది నిష్ఠూరానికి కాదు. నిజంగానే జవాబు తెలుసుకుందామని అడిగినట్టుంది. అదే అండాలమ్మకు గుచ్చుకుంది.

డ్యూటీలో ఉన్నది తన్మయి డాక్టరు. తెనాలి అమ్మాయి, చేరి నాలుగు నెలలే. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, అండాలమ్మను దగ్గరికి పిలిచింది.

"చూడండి అండాలమ్మగారూ. మనం జారిపడితే ఏం చేస్తాం? అరచెయ్యి ఆనిస్తాం. అప్పుడు ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఈమెకి మధ్యలో, చిటికెన వేలి వైపు ఎముక ఒక్కటే విరిగింది. తల మీదకి దెబ్బ వస్తుంటే చెయ్యి ఇలా అడ్డం పెట్టినప్పుడు విరిగేది ఇలాగే."

"నాకెర్కనే మేడం," అంది అండాలమ్మ మెల్లగా. "మొదటిసారి వచ్చినప్పుడే ఎర్క."

"గీతతో ఒంటరిగా మాట్లాడాలి," అంది డాక్టరు.

మధు కదిలే రకం కాదు. "నేను లేకుంటే భయపడ్తది మేడం," అని నవ్వుతూ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. గట్టిగా పొమ్మంటే అనుమానం వస్తుంది. ఆ కోపం ఇంటికి పోయాక గీత మీదే పడుతుంది. అండాలమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది.

"సార్, ఆధార్ జిరాక్స్ కావాలె. మీది రెండు, అమ్మది రెండు. గేటు బయట షాపుంది."

ఆధార్ జిరాక్స్ అంటే ఈ దేశంలో ఎందుకని ఎవరూ అడగరు. మధు కూడా అడగలేదు. లేచి వెళ్లాడు. ఆ జిరాక్స్ షాపులో పదిమంది వరసలో ఉంటారని అండాలమ్మకు తెలుసు.

పరదా వేశారు. గీత పది నిమిషాల్లో మూడేళ్లు చెప్పింది. ఈసారి చపాతీ కట్టె. చెవి మీద పడ్డది అరచెయ్యి. కనుబొమ్మ పగిలింది తలుపు అంచుకు, అయితే తలను తలుపుకు కొట్టింది అతను. తన్మయి ప్రతి మాటా గీత చెప్పినట్టే రాసుకుంది.

"అమ్మా, నేను ఎమ్మెల్సీ చెయ్యాలి. నీకు ఇష్టమేనా?"

గీత బెదిరిపోయింది. "ఎమ్మెల్సీ ఎందుకు మేడం? మాకు లీడర్లెవరు తెల్వదు."

అండాలమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "లీడర్ గాదు బిడ్డా, కాయితం. దెబ్బ ఎట్ల తగిలిందో, ఎవలు కొట్టిన్రో డాక్టరమ్మ రాసి పోలీసోళ్లకు తెలుపుతది. రేపు కోర్టుల నీ తరఫున మాట్లాడేది గా కాయితమే."

గీత తన చేతిని చూసుకుంది. తర్వాత, "రాయున్రి," అంది.

సిమెంటు పట్టీ వేశారు. రెండు రోజులు వార్డులో ఉంచాలని డాక్టరు చెప్పింది. ఆడవాళ్ల వార్డు కాబట్టి మగవాళ్లు సాయంత్రం గంటసేపే రావాలి. నాలుగు జిరాక్సులతో తిరిగొచ్చిన మధు వాటిని ఎవరికివ్వాలో తెలియక కాసేపు వరండాలో తిరిగాడు.

అంతవరకూ బాగానే నడిచింది. సాయంత్రం స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ గంగాధరరావు వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. చెడ్డవాడు కాదు. మంచం దగ్గరికి వచ్చి, పక్కనే మధు నిలబడి ఉండగా, నోటుబుక్కు తెరిచి, "ఏమ్మా, ఏం జరిగింది?" అనడిగాడు.

గీత భర్త వైపు చూసింది. "జారిపడ్డ సార్," అంది.

గంగాధరరావు నోటుబుక్కు మూసేశాడు. మెట్లు దిగుతుంటే అండాలమ్మ వెంటపడింది.

"గట్ల పక్కన నిలబెట్టుకొని అడిగితే ఎట్ల చెప్తది సార్?"

"ముప్పై రెండేళ్ల సర్వీసమ్మా నాది. మొగుడూ పెళ్లాల గొడవలు రెండ్రోజులే. మనం మధ్యలో దూరితే మనమే చెడ్డవుతాం."

"నాది ఇరవై ఆరేండ్లు సార్. మీరు చెప్పిన గా రెండ్రోజులు అయినంక వాళ్లొచ్చేది నా దగ్గరికే."

ఆయన తల గోక్కొని బండెక్కాడు. అండాలమ్మ ఊరుకోలేదు. మర్నాడు డ్యూటీ దిగగానే అంతయ్యకు ఫోన్ చేసి, "ఒక తాన దింపాలె, రా," అంది. అంతయ్య ఎక్కడికని కూడా అడగకుండా వచ్చి, పండ్ల పెట్టెల పక్కన ఆమెను కూర్చోబెట్టుకొని నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు. అప్పుడు మాత్రం, "ఏం జేసినవే?" అన్నాడు కంగారుగా.

స్టేషన్లో మహిళా హెల్ప్ డెస్క్ అని బోర్డు ఉంది. బల్ల మీద పోయిన సెల్‌ఫోన్ల దరఖాస్తులు కుప్పగా ఉన్నాయి. వాటి వెనకాల ఎస్సై ఉదయలక్ష్మి కూర్చొని ఉంది. భువనగిరి దగ్గరి మనిషి, వచ్చి నెల కూడా కాలేదు. అండాలమ్మ కూర్చోకుండానే మొదలుపెట్టి, ముప్పావుగంట చెప్పింది. ఉదయలక్ష్మి మధ్యలో అడ్డం రాలేదు. చివరకు దరఖాస్తుల కుప్పను పక్కకు జరిపి, "రేపు పొద్దున నేనే ఒస్త. డ్రెస్సుల గాదు, మామూలుగ ఒస్త. ఎవరికి చెప్పకు," అంది.

మర్నాడు చూడీదార్లో వచ్చి, గీత మంచం పక్కన స్టూలు వేసుకొని, పరదా లాగి వాంగ్మూలం రాసుకుంది. తర్వాత పాత చీటీలు అడిగింది. రెండూ చూసి నిట్టూర్చింది.

"రెండిట్ల బాత్రూం అనే ఉంది. రేపు వాళ్ల వకీలు ఇవే పట్టుకుంటడు. ఎవరు రాసిన్రు ఇవి?"

తన్మయి తలదించుకుంది. ఆమె అప్పటికి చేరలేదు, అయినా దించుకుంది. అండాలమ్మ ముందుకొచ్చి, "మేమే మేడం. తెలిసే రాసినం," అంది.

కేసయింది. గీత తల్లి లింగమ్మ పోచంపల్లి నుంచి బట్టల మూటతో వచ్చింది. తల్లీకూతుళ్లు కొత్తపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. మధు ఆ ఇంటికీ, మ్యాచింగ్ సెంటర్‌కూ రాకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఒకరోజు సెంటర్ ముందు బైకు ఆపాడు కూడా. గీత ఫోన్ చేసిన పావుగంటలో గంగాధరరావు అక్కడ ఉన్నాడు. ఈసారి ఆయన రెండు రోజుల గొడవ అనలేదు. ఎందుకనలేదో చెప్పాలంటే మధ్యలో జరిగిన ఒక మీటింగు గురించి చెప్పాలి.

ఆ మీటింగు డాక్టరూ ఎస్సై కలిసి పెట్టించారు. దవాఖాన వాళ్లనూ స్టేషన్ వాళ్లనూ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఇకమీదట ఏం చేయాలో చెప్పాలని. తన్మయి అరగంట మాట్లాడింది. ఫ్యాన్ల చప్పుడుకు సగం మందికి కునుకు పట్టింది. అప్పుడు అండాలమ్మ లేచి, "మేడం, చెప్తె ఎక్కదు. చేసి చూపిద్దం," అంది. గంగాధరరావు వైపు చూసి, "సార్, మీరు రాండ్రి. మీరు పేషంటు," అంది.

హాలంతా లేచి కూర్చుంది. గంగాధరరావు మీసం సవరించుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అండాలమ్మ ఆయన చేతికి కట్టు కట్టింది. వెనక భర్తగా, స్టేషన్లో అందరికంటే పొడవైన కానిస్టేబుల్ నాగార్జునను నిలబెట్టి, "నువ్వేం మాట్లాడకు. సారు భుజం మీద చెయ్యేసి ఊకె నిలబడు," అంది.

"ఏమైందమ్మా?" అని అడిగింది అండాలమ్మ, డాక్టరులా గొంతు మార్చి.

జనం నవ్వుతున్నారు. గంగాధరరావు కూడా నవ్వుతూనే, "మా ఆయన..." అని మొదలుపెట్టాడు. నాగార్జున చెయ్యి భుజం మీద బరువుగా ఉంది. నొక్కలేదు, ఊరికే ఉంది. గంగాధరరావు తల తిప్పి పైకి చూశాడు. మళ్లీ ముందుకు తిరిగాడు. నవ్వు తగ్గింది.

"చెప్పమ్మా," అంది అండాలమ్మ.

"...జారిపడ్డానండీ," అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి కట్టు విప్పుకుంటూ, "చిత్రంగా ఉందే. ఆటని తెలుసు, అయినా నోరు రాలేదు," అన్నాడు. ఆయన స్థానానికి తిరిగి వెళ్లి కూర్చున్నాక చాలాసేపు భుజం తడుముకుంటూనే ఉన్నాడు.

ఆ రోజే అర పేజీ కాయితం ఒకటి తయారైంది. గాయంతో వచ్చిన ఆడమనిషిని తప్పకుండా ఒంటరిగా అడగాలి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయాలి. ఒప్పుకుంటేనే ఫోటో తీయాలి. వాంగ్మూలానికి ఆమె స్టేషన్‌కు రానక్కరలేదు, పోలీసే దవాఖానకు రావాలి. భర్త ముందు అడగకూడదు. చెప్పడం ఇష్టం లేదంటే బలవంతపెట్టకూడదు, ఆడవాళ్ల సాయానికి సర్కారు పెట్టిన నూట ఎనభై ఒకటి ఫోన్ నంబరు చెప్పి పంపాలి. నంబరు కాయితం మీద రాసిస్తే ఇంట్లో దొరుకుతుందని అండాలమ్మ అంది. అందుకని నోటికి వచ్చేదాకా చెప్పించడం ఆమె పని.

అన్నీ చక్కబడ్డాయని కాదు. నెలకు పదిమంది వస్తే ముగ్గురో నలుగురో నోరు విప్పుతారు. మిగిలినవాళ్లు ఇప్పటికీ బాత్రూమే అంటారు. ఒకామె పేరు సౌజన్య. చంటిపిల్లతో వచ్చింది, పెదవి చిట్లింది. ఎంత అడిగినా చెప్పలేదు. మూడంకెల నంబరు రెండుసార్లు పలికి, పిల్లనెత్తుకొని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. బాగుందో లేదో తెలియదు. ఓపీలో ఆ పేరు పిలిచినప్పుడల్లా అండాలమ్మ తల బయటకు పెట్టి చూస్తుంది. వేరే సౌజన్య ఎవరో ఉంటుంది. ఇక సర్దుకపొమ్మని మాత్రం ఎవరికీ చెప్పదు. ఆ మాట నోటి చివరి దాకా వస్తే, "నీళ్లు తాగుతవా బిడ్డా?" అని మార్చేస్తుంది.

ఏడాది తర్వాత ఎల్బీనగర్ కోర్టులో గీత కేసుకు సాక్ష్యం చెప్పమని అండాలమ్మకు సమన్లు వచ్చాయి. పట్టుచీర కట్టుకుంది. అంతయ్య ఆ రోజు మార్కెట్ మానేసి వచ్చి, కోర్టు బయట వేపచెట్టు కింద ఆటోలో కూర్చున్నాడు.

మధు తరఫు వకీలు పాత చీటీలు రెండూ గాలిలో ఊపాడు. "మొదటి రెండుసార్లు బాత్రూంలో పడిందని మీ దవాఖానలోనే రాశారు. మూడోసారి కొట్టాడంటున్నారు. ఎప్పుడు అబద్ధం చెప్పారమ్మా, అప్పుడా, ఇప్పుడా?"

"అప్పుడు సార్," అంది అండాలమ్మ.

వకీలు ఈ జవాబు అనుకోలేదు. ఆమె ఆగలేదు.

"అప్పుడు మేం అడగలే సార్. పక్కన నిలబడ్డోడు ఏం చెప్పిండో అదే రాసినం. గాయం చూస్తె నాకు ఎర్కయింది, అయినా నోరు తెరవలే. నా తప్పది. మూడోసారి డాక్టరమ్మ అడిగింది, పిల్ల చెప్పింది. గంతే."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు సార్. కట్లు కడ్తా."

జడ్జిగారు రాసుకోవడానికి కాస్త ఆగమన్నారు. అండాలమ్మ ఆగింది. అంత నిశ్శబ్దంగా అంతసేపు నిలబడటం ఆమెకు కష్టమే అయింది.

కేసు ఇంకా నడుస్తోంది. ఆ రోజు బయటకు వచ్చాక గీత, "అమ్మా, నువ్వు మెట్రో ఎక్కినవా ఎప్పుడన్న?" అనడిగింది. ఎక్కలేదు. బస్సో అంతయ్య ఆటోనో వదిలి ఆమె ఎన్నడూ ఎటూ పోలేదు. అంతయ్యను ఇంటికి పొమ్మని, ఇద్దరూ మెట్రో స్టేషన్‌కు నడిచారు. కదిలే మెట్ల దగ్గర అండాలమ్మ ఆగిపోయింది. నాలుగుసార్లు కాలు ముందుకు పెట్టి వెనక్కి తీసింది. గీత ఆమె చెయ్యి పట్టుకొని, "ఒకటి, రెండు, మూడు," అని లాగింది. ఇద్దరూ తూలారు, పక్కవాళ్లు నవ్వారు, వాళ్లూ నవ్వారు.

రైల్లో సీట్లు దొరికాయి. కింద విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, బస్సులూ ఆటోలూ బొమ్మల్లా కనబడ్డాయి. గీత తన కొత్త పని గురించి చెప్పింది. మ్యాచింగ్ సెంటర్ సేటమ్మ బ్లౌజుల కటింగ్ కూడా ఆమెకే అప్పగించిందట. ఎడమ చెయ్యి చలికాలంలో సలుపుతుంది గానీ కత్తెర కుడిచేత్తోనే కదా అంది.

"నాకొకటి కుట్టియ్యి. కొలతలు తీస్కో," అంది అండాలమ్మ.

"గీ రైల్లనా?"

"మల్ల దిల్‌సుఖ్‌నగర్ ఒస్తది గద, దుకాణంల తీస్కో. నాకు మూడింటికల్ల ఇంటికి పోవాలె. గాయన అన్నం వండుకుంటడు గని, పప్పు మాడగొడ్తడు."

దిల్‌సుఖ్‌నగర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. గీత ముందు దిగి, రద్దీలో ఆమె కోసం చెయ్యి చాచింది.